తెరకు అవతలి వైపు

మా ఊళ్ళో సినిమా వేళని ఎవరూ గడియారంలో చూసుకునేవాళ్ళు కాదు. కాలవగట్టు పక్క దిబ్బమీద వేసిన టూరింగ్ టాకీసు నెత్తిన రెండు మైకు గొట్టాలు ఉండేవి. పొద్దు వాలిందంటే రికార్డులు మొదలు. ఎన్ని పాటలు పడినా ఊరు కదిలేది కాదు. ఘంటసాల వెంకటేశ్వరస్వామి పాట పడిందంటే మాత్రం అమ్మ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగేసేది. "పాట వేశాడు, ఇంక పావుగంటే. కాళ్ళు కడుక్కోండి" అనేది. మిరప చేలల్లో ఉన్నవాళ్ళకి కూడా ఆ పాటే కబురు. పక్క ఊళ్ళ నుంచి ఎద్దుబండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు అది వినపడితే ఎద్దుల తోకలు మెలిపెట్టేవాళ్ళు.

గుంటూరు జిల్లాలో డెల్టా అంచున ఉన్న చిన్న ఊరు మాది. 1970ల మొదట్లో సంగతులు ఇవి. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు.

డేరా అని పిలవడమే గానీ, మాకు వచ్చినదానికి పైన తాటాకు, చుట్టూ తడికలు. లోపల నేలమీద ఏటి ఇసుక. నేల పావలా, బెంచీ అర్ధరూపాయి, కుర్చీ రూపాయి. నేలని మధ్యలో తాడు కట్టి ఆడవాళ్ళకో పక్క, మగవాళ్ళకో పక్క చేసేవాళ్ళు. ముందు వచ్చినవాడు ఇసుక దగ్గరికి లాక్కుని చిన్న మెట్ట చేసుకుని దానిమీద కూర్చునేవాడు. వెనకవాడికి కనపడక గొడవ. ఆట అయ్యేసరికి ఆ మెట్టలన్నీ అణిగి మళ్ళీ మామూలు నేలయ్యేది. టూరింగ్ టాకీసుకి ఒకచోట కొన్నాళ్ళే ఆడే లైసెన్సు ఉండేది. గడువు తీరగానే తాటాకు దింపి, గుంజలు పీకి, బండ్లకెత్తి ఇంకో ఊరు పోయేవాళ్ళు. వాళ్ళు పోయాక మేం ఆ ఇసుకలో పడి చిల్లర వెతికేవాళ్ళం. ఎక్కువగా దొరికింది వేరుశనగ తొక్కలే.

వెనక కొట్టంలో ఆయిలింజను డుగ్గుడుగ్గుమంటూ ఉండేది. దాని కరెంటుతోనే ప్రొజెక్టరు ఆడేది. అందులో బల్బు ఉంటుందని అనుకునేవాణ్ణి. ఒకసారి ఆపరేటరు దయతలచి లోపలికి తొంగి చూడనిచ్చాడు. బల్బు లేదు. రాగిపూత పూసిన రెండు కార్బన్ పుల్లలు ఎదురుబొదురుగా ఉన్నాయి. వాటి కొసల మధ్య నిప్పు, కళ్ళు చెదిరే తెల్లటి నిప్పు. కాలేకొద్దీ పుల్లలు పొట్టివవుతాయి కాబట్టి ఆయన కాస్త కాస్త ముందుకు తిప్పుతూ ఉండాలి. నిద్ర తూలాడంటే తెరమీద బొమ్మ మసకబారేది. నేలమీద నుంచి ఈలలు లేచేవి. ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి రీలు అయిపోయిన ప్రతిసారీ లైట్లు వెలిగేవి, మరమరాలవాడు లోపలికి దూరేవాడు. మూడు గంటల పైచిలుకు మాయాబజార్‌కి ఇంటర్వెల్స్ ఎన్నో లెక్కే లేదు. ఇప్పటికీ ఆ సినిమా టీవీలో ఏకధాటిగా నడుస్తుంటే నాకేదో తొందరపెడుతున్నట్టుంటుంది.

కాలగా మిగిలిన కార్బన్ ముక్కలు కొట్టం వెనక పారేసేవాళ్ళు. వాటితో పాటు తెగిన ఫిలిం ముక్కలూ. మాకవి బంగారం. నాలుగు ఫిలిములకి ఒక కార్బన్ ముక్క, హీరో మొహం ఉన్న ఫిలిం అయితే రెండు ముక్కలు, ఇదీ మా మారకం. ఫ్యూజు పోయిన బల్బు మూతి జాగ్రత్తగా పగలగొట్టి, లోపలి తీగలు లాగేసి, నిండా నీళ్ళు పోస్తే అదే భూతద్దం. కొట్టుగది తలుపులు మూసి, బయట ఒకడు అద్దం పట్టుకుని ఎండని సందులోంచి లోపలికి కొట్టాలి. ఎండకీ బల్బుకీ మధ్య ఫిలిం. తలకిందులుగా పెడితేనే గోడమీద బొమ్మ నిటారుగా నిలబడేది. బొమ్మ కదలదు, మాట్లాడదు. మాటలు మేమే చెప్పేవాళ్ళం. బయట అద్దం పట్టుకున్నవాడికి సినిమా కనపడదు గనక వంతులు వేసుకునేవాళ్ళం. వంతు ఎగ్గొట్టినవాడి మీద కక్ష మర్నాటిదాకా ఉండేది.

ఆ అద్దం ఎక్కువసార్లు పట్టుకున్నవాడు నా క్లాసువాడే. పల్లెలో వాళ్ళబ్బాయి. మా వైపు పల్లె అంటే ఊరికి అవతల, కాలవ దాటాక ఉండే దళితుల ఇళ్ళు. కొట్టుగది మాది, అంటే ఊళ్ళోది. వాడు లోపలికి రాకూడదని ఎవరూ అనలేదు. వాడూ రాలేదు. "నేను ఎండ పడతాలేరా" అనేవాడు. మాకు అందులో వింతేమీ కనపడలేదు.

ఊళ్ళో తెర కట్టడం సినిమాతో మొదలైంది కాదు. వానలు మొహం చాటేసిన ఏడు తోలుబొమ్మలవాళ్ళని పిలిపించేవాళ్ళు. బొమ్మలాట ఆడిస్తే వాన పడుతుందని నమ్మకం. పల్నాడు వైపు నుంచి వచ్చేవాళ్ళు, ఇంటిల్లిపాదీ ఆటగాళ్ళే. మనతో తెలుగు, పద్యాల్లో గొప్ప తెలుగు, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటే మరాఠీ. బొమ్మలన్నీ వెదురు పెట్టెలో దొంతరగా పడుకుని ఉండేవి. రాముడి మీద రావణుణ్ణి పెట్టకూడదట, ఆ పెట్టె సర్దడానికీ ఓ పద్ధతి ఉందని పెద్దావిడ చెప్పింది.

తెరకి గుడ్డ చాకలి ఇవ్వాలి. రెండు తెల్ల పంచెలు కలిపి కుట్టేవాళ్ళు. ఎవరు ఉతకడానికి వేసిన పంచెలో ఆట అయ్యేదాకా తేలేది కాదు. ఒక ఏడు లంక మొత్తం మా కరణంగారి పంచెమీద తగలబడింది. వెనక ఆముదం దీపాలు, ఆ వెలుగులో మేకతోలు ఎరుపూ పచ్చా అద్దాల్లా మెరిసేవి. మనిషంత బొమ్మలు. యుద్ధం వచ్చినప్పుడు ఆటగాళ్ళు కాళ్ళ కింద చెక్కపలకల్ని తొక్కితే గుండెల్లో దడ పుట్టేది. కేతిగాడూ బంగారక్కా వచ్చి బూతులు మాట్లాడుతుంటే అమ్మలక్కలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ ఒక్క రాత్రికి ఆ మాటలకి మాఫీ. ఊరి పెద్దల మీద కేతిగాడు విసిరిన చెణుకులు మనిషి అని ఉంటే దెబ్బలు తినేవాడు. బొమ్మ కాబట్టి బతికిపోయాడు.

పల్లెవాళ్ళు ఆ ఆటకి జనం చివర, చింతచెట్టు కింద నిలబడి చూసేవాళ్ళు. బొమ్మలాటకి తెర వెనక చోటుండదు కదా, అక్కడ దీపాలూ ఆటగాళ్ళూ.

సినిమాకి చోటుంది.

శ్రీరామనవమికి చందాలు పోగుచేసి 16 ఎంఎం సినిమా వేయించేవాళ్ళు. పెట్టెలు బెజవాడ గాంధీనగరం నుంచి బస్సు మీద వచ్చేవి. ఆ బస్సు కోసం మధ్యాహ్నం నుంచే రోడ్డుమీద కాపలా. బస్సు మీద పెట్టె కనపడితే కేకలు పెట్టుకుంటూ ఊళ్ళోకి పరిగెత్తేవాళ్ళం. ఏ సినిమా చెప్పి ఏది వచ్చిందో పెట్టె విప్పితేగాని తెలియదు. ఒక నవమికి పాండవ వనవాసం అని టముకు వేయిస్తే గుండమ్మ కథ దిగింది. పూజారిగారు కాసేపు అలిగి, తర్వాత అందరికన్నా ముందు వరసలో కూర్చున్నారు.

ఈ సినిమాకి టిక్కెట్టు లేదు, కొట్టం లేదు. రామాలయం ముందు బజారుకి అడ్డంగా రెండు సర్వీ గుంజలు పాతి తెర కట్టేవాళ్ళు. గుడివైపు చాపలు, మంచాలు, పెద్దవాళ్ళకి కుర్చీలు. తెరకి అటువైపు కాలవకి పోయే దారి. చీకటి పడ్డాక పల్లెవాళ్ళు అటునుంచి వచ్చి తెర వెనక కూర్చునేవాళ్ళు. అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పగా నేను వినలేదు. చెప్పాల్సిన అవసరమే లేకుండా ఊరు అట్లా అమర్చి ఉంది. స్పీకరు తెర కిందే పెడతారు కాబట్టి మాట వాళ్ళకే గట్టిగా వినపడేది. బొమ్మ కూడా పలచటి గుడ్డలోంచి బాగానే దిగేది. తేడా ఒక్కటే. కుడి ఎడమవుతుంది.

ఈ సంగతి బడిలో ఒకనాటి తగువులో బయటపడింది. మాయాబజార్ ఆడిన మర్నాడు. ఘటోత్కచుడు గద ఏ చేత్తో తిప్పాడని. కుడిచేత్తో అని నేను, ఎడంచేత్తో అని మా అద్దం పట్టేవాడు. ఒట్టు పెట్టుకున్నాం. వాడి పక్షాన పల్లెపిల్లలు నలుగురు సాక్ష్యం. నా పక్షాన ఊరిపిల్లలు. చివరికి మేష్టారు ఇద్దరి మాటా విని నవ్వారు. "ఇద్దరూ చూసిందే చెప్తున్నార్రా" అన్నారు. తర్వాత ఆయన నవ్వు ఆగిపోవడం నాకు గుర్తుంది. పలక తీసుకుని దానిమీద ఏదో రాయబోయి, రాయకుండానే కింద పెట్టి ఎక్కాలు చెప్పమన్నారు.

ఆ ఏడే ఇంకో సంగతి గమనించాను. టూరింగ్ టాకీసులో నేలటిక్కెట్టుకి ఊరు, పల్లె అని వేరే తాడు లేదు. ఆడా మగా తాడు ఒక్కటే. పావలా ఇచ్చినవాడు ఎక్కడ ఇసుక ఖాళీ ఉంటే అక్కడ కూర్చునేవాడు. లైట్లు ఆర్పాక ఎవడు ఎవడి పక్కన ఉన్నాడో చూసే తీరిక ఎవరికీ లేదు. వాడూ నేనూ అక్కడ ఒకే పొట్లంలో బఠాణీలు తిన్నాం. లైట్లు వెలిగినప్పుడు కుర్చీలోంచి మా పెదనాన్న చూశాడు. ఇంటికొచ్చాక నన్నేమీ అనలేదు గానీ, మర్నాటి నుంచి నాకు బెంచీ టిక్కెట్టుకి అర్ధరూపాయి ఇవ్వడం మొదలుపెట్టాడు. నేను మహా సంబరపడ్డాను. సంబరపడ్డానని రాసుకోవడం ఇప్పుడు కష్టంగానే ఉంది.

16 ఎంఎం చుట్ట ఒక్కోటి ముప్పావుగంట ఆడేది. నాలుగు చుట్టలైతే ఒక సినిమా. చుట్ట మార్చే ఖాళీలో మైకు మా ఊరి మామయ్య ఒకాయన చేతికి పోయేది. అందరికీ ఆయన మామయ్యే. బతుకుతెరువు వ్యవసాయం, ప్రాణం పద్యనాటకం. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఆ చివర నుంచి ఈ చివరకి నోటికి వచ్చు. పీసపాటి నరసింహమూర్తిగారి కృష్ణుణ్ణి చూడటానికి తెనాలికి నడిచివెళ్ళిన మనిషి. వట్టి గొంతుతో రాయబారం పద్యం ఎత్తుకుంటే రాగం అర్ధఫర్లాంగు దూరం పోయేది. ఆపరేటరు చుట్ట ఎక్కించేసి సిద్ధంగా ఉన్నా జనం వన్స్‌మోర్ అనేవాళ్ళు. పాపం రామారావు కృష్ణుడు ప్రొజెక్టరులో ఆగి, మా మామయ్య కృష్ణుడు అయ్యేదాకా కాచుకునేవాడు. పద్యానికి మాత్రం తెర అవతలవాళ్ళు ఇవతలికి, తెర అంచుల దాకా వచ్చి నిలబడేవాళ్ళు. గొంతుకి వెనకా ముందూ లేదు గాని, పాడేటప్పటి మొహం చూడాలి కదా. లైట్లు ఆరగానే మళ్ళీ వెనక్కి పోయేవాళ్ళు.

మా వాడి తాత డప్పు కొట్టేవాడు. బుర్రకథ అంటే చెవి కోసుకునేవాడు. పొన్నెకల్లు నాజర్‌గారి దళం కథ ఎక్కడుందని తెలిసినా పనికి ఎగనామం పెట్టి పోయేవాడని చెప్పుకునేవాళ్ళు. బుర్రకథకి నాలుగు బల్లలు చాలు, తెర అక్కర్లేదు. జనం చుట్టూ మూగుతారు. ఆ తాతకి సినిమా పెద్దగా ఎక్కలేదు. "గుడ్డమీద నీడలకి నేను వంత పలికినా అవి ఆగవు, నేను ఏడ్చినా చూడవు" అని విసుక్కునేవాడట. నాజర్‌గారు అగ్గిరాముడులో కథ చెప్పారని తెలిసి ఆ ఒక్క సినిమాకి పోయి, కథ ముక్క అవగానే లేచి వచ్చేశాడట.

డేరా ఎప్పుడు ఆఖరుసారి వచ్చిందో నాకు తెలియదు. ఆఖరిది అని తెలిస్తే గుర్తుపెట్టుకునేవాణ్ణేమో. మండలకేంద్రంలో పక్కా హాలు కట్టారు, మా ఊరికి బస్సు రాత్రి పదింటిదాకా పెరిగింది. 1980ల్లో నవమికి వీడియో వచ్చింది. అద్దెకి తెచ్చిన కలర్ టీవీని గుడి అరుగుమీద బల్లమీద పెట్టి, తెల్లవార్లూ మూడు సినిమాలు. ఊరంతా ఒక బల్లెడు వెలుగు ముందు ఇరుక్కుని కూర్చునేవాళ్ళు. టీవీకి వెనకవైపు చెక్కడబ్బా. అప్పటికి పల్లెలో కూడా చందాలు వేసుకుని వాళ్ళ రామాలయం దగ్గర వాళ్ళే వీడియో పెట్టుకున్నారు. ఒకే రాత్రి రెండు చోట్ల రెండు సినిమాలు, మధ్య కాలవ. రెండింటి మాటలూ గాలిలో కలిసి ఏదీ సరిగా వినపడేది కాదు.

పద్యం మామయ్య వీడియో వచ్చిన రెండో ఏటికి నవమికి రావడం మానేశాడు. చుట్ట మార్చేపని లేదు కదా.

2010 జనవరిలో మాయాబజార్ రంగుల్లో విడుదలైంది. మా అద్దం పట్టేవాడు అప్పటికి హైస్కూలు హెడ్మాస్టరు, నేను బ్యాంకులో. ఫోను చేసి, "పోదాం పారా, టిక్కెట్లు నేను తీస్తా" అన్నాడు. టౌనులో ఏసీ హాలు, బాల్కనీ. సగం సీట్లలో మా వయసువాళ్ళే. పక్కపక్కనే కూర్చున్నాం. రంగులు నాకు అంత నచ్చలేదు, ఆ నలుపూ తెలుపుల్లో నేను వేసుకున్న రంగులు వేరే. వాడు మాట్లాడకుండా చూస్తున్నాడు. ఎస్వీ రంగారావు గద పట్టుకుని తెరమీదకి వచ్చాడు.

నేను వాడివైపు చూడలేదు. వాడే మోచేత్తో పొడిచాడు.

"చూశావా, చెయ్యి మార్చాడు" అన్నాడు.

ఇద్దరం ఎంతసేపు నవ్వామంటే ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. ఇంటర్వెల్‌లో వాడు బయటికెళ్ళి పాప్‌కార్న్ కాకుండా ఎక్కడో వెతికి బఠాణీల పొట్లం తెచ్చాడు. సగం నా చేతిలో పోశాడు.