మల్కిభరాముడి ఊరు

సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం వస్తుందంటే బస్సులో పెద్దవాళ్లు పెద్దచెరువులో నీళ్లెంత ఉన్నాయోనని చూస్తారు. ఊరికి పేరిచ్చిన మనిషి మాత్రం ఎవరికీ గుర్తుకు రాడు. ఆయన ఇబ్రహీం కుతుబ్‌షా, 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన సుల్తాను. తెలుగు కవులు ఆయన్ని ముద్దుగా మల్కిభరాముడన్నారు.

ఆయన ఏలిన ముప్ఫై ఏళ్ల కంటే, అంతకు ముందరి ఏడేళ్లే నన్ను ఎక్కువగా ఆలోచనలో పడేస్తాయి. 1543లో తండ్రి సుల్తాన్ కులీ హత్యకు గురయ్యాడు. అన్న జంషీద్ గద్దెనెక్కాడు. ప్రాణం దక్కించుకోవడానికి పారిపోయిన ఇబ్రహీంకు చివరికి విజయనగరంలో చోటు దొరికింది. అళియ రామరాయలు ఆదరించాడు. ఒకరి పంచన తలదాచుకున్నవాడు ఆ ఇంటి మాట నేర్చుకోక తప్పదు. ఇబ్రహీం అక్కడ తెలుగు నేర్చుకోవడంతో ఆగలేదు, దాని రుచి మరిగాడు. అన్న పోయాక గోల్కొండకు వస్తూ ఆ రుచిని వెంట తెచ్చుకున్నాడు.

అద్దంకి గంగాధరకవి మహాభారతంలోని తపతీ సంవరణుల కథను కావ్యంగా రాసి ఆయనకే అంకితమిచ్చాడు. రాజు అభిరుచి కొలువులో వాళ్లకూ అంటింది. పటాన్‌చెరులో ఉన్న అమీన్‌ఖాన్ పొన్నెగంటి తెలగనార్యుడి ‘యయాతి చరిత్ర’ను అంకితం పుచ్చుకున్నాడు. సంస్కృత పదాల జోలికి పోకుండా అచ్చ తెలుగులో వచ్చిన తొలి కావ్యం అదే. అచ్చ తెలుగు కావ్యానికి కృతిభర్త ఒక ఖాన్! ఈ సంగతి ఎప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆ వరవడి తర్వాతా ఆగలేదు. పోను పోను గోల్కొండ ఫర్మానాలు పారసీ పక్కన తెలుగులోనూ వెలువడ్డాయి.

అయితే 1565 కూడా ఉంది. తళ్లికోట యుద్ధంలో రామరాయల మీదికి నడిచిన సుల్తానుల్లో ఇబ్రహీం ఒకడు. అన్నం పెట్టిన చేతి మీదికే కత్తి లేచింది. రాజకీయ కారణాలు ఎన్ని చెప్పుకున్నా ఆ నొప్పి నాకు తగ్గదు. ఆ పక్కనే ఇంకొకటీ కనిపిస్తుంది: రామరాయలు పోయాడు, విజయనగరం పాడుపడింది, ఇబ్రహీం కొలువులో తెలుగు పద్యం మాత్రం ఆగలేదు. స్నేహం చెడినా నేర్చుకున్నది మనిషిలో ఉండిపోయింది.

ఇలా ఆశ్రయం నుంచి పుట్టిన చుట్టరికాలు లోకంలో మరికొన్ని చోట్లా ఉన్నాయి. 1939 సెప్టెంబరులో పోలండ్ మీద ఒకపక్క జర్మనీ, మరోపక్క సోవియట్ సేనలు విరుచుకుపడ్డాయి. ఆ దేశ ప్రభుత్వమూ, వేలకు వేల జనమూ సరిహద్దు దాటి రుమేనియాలోకి వెళ్లారు. అంతకు ఎంతో ముందు నుంచే రుమేనియాలోని బుకోవినా ప్రాంతంలో పోలిష్ కుటుంబాలున్నాయి. కచీకా ఉప్పుగనుల్లో పనికని వచ్చి అక్కడే వేళ్లూనుకున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఈనాటికీ ఆ ఊళ్లలో కొందరు ఇంట్లో పోలిష్, అంగట్లో రుమేనియన్ మాట్లాడతారు. రెండు జాతులను దగ్గర చేయడానికి సభలూ ఒప్పందాలూ అవసరమే, కాదనను. కానీ పొరుగువాడి భాషలో ఉప్పూ పప్పూ బేరమాడుతూ పెరిగిన తరాల ముందు నాకవి చిన్నవిగానే కనిపిస్తాయి.

మన దగ్గర ఆ పని ఊళ్లే చేశాయి. పీర్ల పండుగకు తెలంగాణ పల్లెల్లో పీరును ఎత్తుకునేవాళ్లలో, గుండం చుట్టూ అలాయి ఆడేవాళ్లలో హిందువులూ ఉంటారు. ఎవరో చెప్పి చేయించింది కాదది.

నాకు ఒక్క కోరిక ఉంది. ఇబ్రహీంపట్నం బడుల్లో పిల్లలకు ఊరి పేరు వెనకున్న ఈ కథ చెప్పాలి. సుల్తాన్ కులీ హత్యా, విజయనగరంలోని ఏడేళ్లూ, గంగాధరకవీ, తళ్లికోటా, ఏదీ దాచకుండా అన్నీ చెప్పాలి. పెద్దచెరువు కట్ట మీద మల్కిభరాముడి పేరు పక్కన ఆ కవి పేరు కూడా చెక్కించాలి.