న్యూజెర్సీలో బోడకాకర

బోడకాకర పెట్టాలని ఉందని ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందు అడిగే మాట ఒక్కటే: మగతీగ ఉందా మీ దగ్గర? సొర, బీర, కాకర పెంచినవాళ్లకు ఈ ప్రశ్న కొత్త. అవన్నీ ఒకే తీగ మీద మగపూలూ ఆడపూలూ పూస్తాయి. బోడకాకరలో మగతీగ వేరు, ఆడతీగ వేరు. ఆడతీగ ఒక్కటే ఉంటే పువ్వు కింద బొడిపెబొడిపెలుగా పిందె కనిపించి ఆశ పెడుతుంది. నాలుగు రోజులు తిరక్కుండా పసుపెక్కి రాలిపోతుంది. మగతీగ ఒక్కటే ఉంటే ఆ ఆశా ఉండదు.

మాది ఖమ్మాన్ని ఆనుకుని ఉన్న ఖానాపురం హవేలి. ఇప్పుడది నగరంలో భాగమే. అడవి మా గుమ్మంలో లేదు. ఇల్లెందు, కొత్తగూడెం వైపు వెళ్తేగాని చెట్లు చిక్కబడవు. భద్రాచలం వంద కిలోమీటర్లకు పైమాటే. అయినా ఏ నెలలో అడవిలో ఏం దొరుకుతోందో మా అమ్మకు బజారుకు వెళ్లొస్తే తెలిసిపోయేది. ఎండలు ముదిరితే తునికిపండ్లు, పాలపండ్లు, మొర్రిపండ్లు. వానలు పడ్డాక బోడకాకర. గంపలో ఆకులు పరిచి, తడిగుడ్డ కప్పి తెచ్చేవాళ్లు. ధర కోడికూరతో పోటీ పడేది, అయినా ఏడాదికి ఒకట్రెండు సార్లు ఇంటికి రావాల్సిందే. అమ్మ ఒక్కో కాయనూ బొటనవేలితో నొక్కి చూసేది. ముదిరితే గింజ పంటికింద గట్టిగా తగుల్తదని. అమ్మే ఆవిడ ఊరుకునేది కాదు. "అన్ని నొక్కితే ఇంకెవరు కొంటరమ్మా? పొద్దుగాల తెంపినయే. ఇటు పక్కవి లేతగున్నయి, ఇవి తీస్కో."

ఇప్పుడు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉండే మాకు ఈ కాయ దొరకదని కాదు. ఇండియన్ స్టోర్లో ఫ్రీజర్ సంచుల్లో ముక్కలుగా ఉంటుంది. వేపుడు చేస్తే నీరు ఊరి మెత్తబడిపోతుంది. చక్రాలుగా తరిగి కరకరలాడేలా వేపి, వెల్లుల్లి కారం చల్లుకుని తిన్నవాళ్లకు అది సరిపోదు. అలా మొదలైంది నా పెరటి పిచ్చి.

బోడకాకరను గింజతో మొదలుపెట్టడం కష్టం. పండిన కాయలో ఎర్రటి గుజ్జు చుట్టుకుని ఉండే గింజకు పెంకు గట్టిది. అది వెంటనే మొలవదు, నెలల తరబడి నిద్రపోతుంది. పెంకు జాగ్రత్తగా ఒలిచి పెట్టినవాళ్లకు కాస్త మెరుగ్గా మొలుస్తుంది. మొలిచినా పూత వచ్చేదాకా అది ఆడో మగో చెప్పలేం. రైతులు దుంపనే నమ్ముకునేది ఇందుకే. ఆడతీగ దుంప నుంచి ఆడతీగే వస్తుంది, మగదుంప నుంచి మగతీగే. రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఇందిరా కంకోడ-1 అని ఒక రకాన్ని కూడా విడుదల చేసింది. ఎనిమిది పది ఆడతీగలకు ఒక మగతీగ ఉంటే చాలు. నాకు మాత్రం ఇక్కడే ఏళ్లుగా పెంచుతున్న ఒక తెలుగావిడ రెండు ఆడదుంపలు, ఒక మగదుంప ఇచ్చింది. డబ్బు తీసుకోలేదు. బదులుగా మా మల్లె అంటు అడిగి పట్టుకెళ్లింది.

చలికాలం దుంపను ఎలా కాపాడాలని అమ్మను ఫోన్‌లో అడిగాను.

"కాపాడేదేముంది బిడ్డా? అడవిల దానికి నీళ్లెవరు పోస్తరు? తీగె ఎండినంక దాని జోలికి పోకు. వానొస్తే అదే లేస్తది."

మొక్కల పుస్తకాలు చాలా చదివాను గానీ, ఈ మాటంత పనికొచ్చింది ఇంకొకటి లేదు. భద్రాచలం అడవుల్లో వానలు వెనకబట్టాక తీగ ఎండిపోతుంది. దుంప భూమిలో నీటిచుక్క లేకుండా ఎండాకాలమంతా పడుకుని, తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. అడవిలో ఎండ చేయించే విశ్రాంతిని ఇక్కడ చలి చేయిస్తుంది, అంతే తేడా. అక్టోబరులో మంచు ఆకుల్ని కాల్చాక దుంపలు తవ్వి, మన్ను దులిపి, పొడి ఇసుకలో పెట్టి బేస్‌మెంట్‌లో ఉంచుతాను. తడి తగిలితే కుళ్లుతాయి, గడ్డకట్టే చలి తగిలితే చస్తాయి, ఈ రెండూ లేకపోతే వాటికి ఇంకేం అక్కర్లేదు. మే నెలాఖరుకు నేల వెచ్చబడితే బయటికి. తునికిపండ్ల దేశపు మొక్క న్యూజెర్సీ మంచుకు తట్టుకోదని భయపడేవాళ్లకు నేను చెప్పేది ఇదే: దానికి ఏడాదిలో సగం రోజులు నిద్రపోవడం పుట్టుకతో తెలుసు.

పూత మొదలయ్యాక మాత్రం మనిషి పని ఉంది. బోడకాకర పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. అడవిలో రాత్రి తిరిగే చిమ్మటలు పుప్పొడి మోస్తాయి. మా పెరట్లో వాటిని నమ్ముకోలేను కాబట్టి చీకటి పడే వేళ టార్చి పట్టుకుని వెళ్తాను. లేత పసుపు పువ్వు, దగ్గరికి వెళ్తే ఘాటైన వాసన. మగపువ్వు కాడ చివర ఒక చిన్న ఆకు దొన్నెలా వంగి పువ్వు అడుగును పట్టుకుని ఉంటుంది. ఆడపువ్వు కింద పిందె ఉంటుంది. మగపువ్వు తుంచి, రేకులు వెనక్కి విరిచి, మధ్యలోని పుప్పొడిని ఆడపువ్వు నడిమికి మెల్లగా తాకిస్తే పని అయిపోయినట్టే. నిలిచిన పిందె కాడ రెండు మూడు రోజుల్లో గట్టిపడి పచ్చగానే ఉంటుంది. మా పిల్లలు వేసవి సెలవుల్లో ఈ పనికి పోటీలు పడతారు. పుప్పొడి అంటే ఏమిటో వాళ్లకు బడికన్నా ముందు ఈ పందిరే నేర్పింది.

మన అడవి మొక్కే ఇంకొకటి ఇక్కడివాళ్ల పూలతోటల్లో కనిపిస్తుంది: అడవినాభి. ఎరుపూ పసుపూ కలిసి నిప్పులా లేచే ఆ పువ్వు కోసం అమెరికన్లు దుంపలు కొని నాటుతారు. అది తమిళనాడు రాష్ట్ర పుష్పం, జింబాబ్వే జాతీయ పుష్పం కూడా. దీనికీ దుంప నిద్రే ఆధారం. అందుకే బోడకాకర పెంచగలిగితే ఇదీ పెంచగలరు. కానీ మొక్క అంతటా కొల్చిసిన్ అనే విషం ఉంది, దుంపలో, గింజలో మరీ ఎక్కువ. ఈ రెండు దుంపల్నీ ఒకే పెట్టెలో ఎప్పుడూ దాచవద్దు. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు వద్దనే నా మాట.

సూట్‌కేసులో దుంపలు, కొమ్మలు దాచి తెచ్చేవాళ్ల మీద నాకు కోపం ఉంది. కరివేపాకు సంగతి చూడండి. నారింజ, నిమ్మ తోటల్ని నాశనం చేసే సిట్రస్ గ్రీనింగ్ రోగం ఫ్లోరిడాలో 2005లో బయటపడింది. ఆ రోగాన్ని మోసే పురుగుకు కరివేపాకు ఇష్టమైన మేత. అందుకే ఆ పురుగు ఉన్న రాష్ట్రాల నుంచి కరివేప మొక్కను బయటికి పంపడం మీద ఆంక్షలున్నాయి. చట్టప్రకారం వెళ్లేవాళ్లకు దారి మూసి లేదు. అమెరికా వ్యవసాయశాఖ నుంచి చిన్న మోతాదు విత్తనాల అనుమతి తీసుకుంటే, ప్యాకెట్టుకు 50 గింజలకు మించకుండా చాలా రకాలు తెప్పించుకోవచ్చు. ఎందుకంత జాగ్రత్త అంటే, ఒకచోట ముద్దుగా పెరిగిన మొక్క ఇంకోచోట శత్రువవుతుంది. హవాయిలో రేలచెట్టును వీధుల్లో ముచ్చటగా పెంచుకుంటారు, మన దొండతీగను మాత్రం చెట్లను కమ్మేసే కలుపుగా ప్రకటించారు. దొండకొమ్మ ఒక జానెడు ముక్క గుచ్చితే చాలు, వేరు పడుతుంది. ఆ సులువే అక్కడ చేటైంది.

గింజల విషయంలో నాకు గురువు మా ఖమ్మం మనిషే. వనజీవిగా పేరుపడ్డ దరిపల్లి రామయ్యగారిది ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లి. ఎండాకాలం గింజలు ఏరి, తొలకరికి సైకిల్ మీద తిరిగి రోడ్ల పక్కన, కాలువగట్ల మీద నాటేవారు. భార్య జానమ్మగారు ఆయన వెంటే. కోటికి పైగా మొక్కలు నాటారని పేరు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న వెళ్లిపోయారు. మెడలో చెట్టును కాపాడమనే బోర్డు వేసుకుని తిరిగే మనిషిగా ఆయన్ను అందరూ గుర్తుపెట్టుకున్నారు. నాకు ఆ బోర్డుకన్నా ఆయన జేబుల్లోని గింజలు గొప్పగా తోస్తాయి. ఏ గింజ ఆగుతుందో, ఏది ఆగదో ఎరిగినవాడే అలా నాటగలడు. రేలగింజ గట్టి పెంకుతో ఏళ్లకేళ్లు చెక్కుచెదరదు, గీరో వేడినీళ్లలో నానబెట్టో లేపాలి. ఇప్పగింజ అందుకు పూర్తిగా వేరు. వానలకు ముందూ వెనకగా రాలుతుంది, కొద్ది వారాల్లోనే మొలకశక్తి పోగొట్టుకుంటుంది. ఎండబెట్టి దాచుకుంటే నూనెకు పనికొస్తుంది గానీ విత్తనానికి కాదు.

అందుకని ఇప్పను న్యూజెర్సీకి తేవాలన్న కోరిక వదిలేసి, జూలైలో ఊరెళ్లినప్పుడు కొత్తగూడెం వైపు నుంచి వచ్చిన తాజా గింజలు ఖానాపురం హవేలిలో అమ్మ పెరట్లోనే పెట్టాను. రెండు మొలిచాయి. మొన్న ఫోన్‌లో పూత ఎప్పటికి వస్తుందని అడిగితే అమ్మ అంది: "పదేండ్లన్న పడతది. అప్పటిదాక నువ్వడగాల్సింది పూత గురించి కాదు, మేకల గురించి. నిన్ననే కంప కట్టించిన, రెండొందలు పంపు."