చెట్టెక్కేవాని స్వేచ్ఛ

కోనసీమలో కొబ్బరి తోటకు ఇంచుమించు రెండు నెలలకొకసారి దింపు జరుగుతుంది. దింపు కార్మికునికి మార్గాలు రెండు: వ్యాపారి ముఠాలో కూలికి పోవడం, లేదా సొంతంగా తోటలు ఒప్పుకోవడం. ఏది మేలని నా పూర్వవిద్యార్థి ఒకడు అడిగాడు.

ముఠాలో పని వెదుక్కోనక్కరలేదు. కాని వాన వెలిసీ వెలియకముందే ఎక్కమంటే కాదనలేడు. సొంతపనిలో తడి మాను ఎక్కనని చెప్పే హక్కు తనదే. పడితే పస్తూ తనదే. అందుచేత ముందు రెండు నెలల గ్రాసం కూడబెట్టి, 1981లో ఏర్పడిన కొబ్బరి అభివృద్ధి మండలి వారి ‘కేర సురక్ష’ వంటి బీమా చేయించుకొని, ఆ తరువాతనే ముఠా విడువమన్నాను.

విద్యార్థులారా! యజమాని లేకపోవడమొక్కటే స్వేచ్ఛ కాదు. పస్తుకు వెరచి తడి మాను ఎక్కేవానికి ఆకలే యజమాని. “ఈనాడు ఎక్కను” అనగల నిబ్బరమే అతని అసలు పెట్టుబడి.