“లేదు” అన్న ఒక్క మాట

పిల్లలూ!

మీలో ఎవరికైనా వేరుసెనగలు తింటే దద్దుర్లు లేస్తాయా? పాత దుప్పటి దులిపితే తుమ్ములు ఆగవా? పక్కవాళ్ళకు ఏమీ కాదు, మీకు మాత్రమే అలా అవుతుంది. దాన్ని మన ఇళ్ళల్లో “పడదు” అంటారు, డాక్టర్లు “ఎలర్జీ” అంటారు. 1906లో వియన్నా నగరంలో పిర్కే అనే వైద్యుడు ఈ పేరు పెట్టాడు.

రోగక్రిములను తరమడానికి మన ఒంట్లో కాపలావాళ్ళు ఉంటారు కదా! వాళ్ళు ఒక్కొక్కప్పుడు పొరబడి, చుట్టాన్ని చూసి దొంగ అనుకుని గోల చేస్తారు. ఆ గోలే దద్దుర్లూ, తుమ్ములూ, ఆయాసమూను. మా మహబూబాబాదు వైపు మిరప కల్లాల్లోకి పోతే అందరూ తుమ్ముతారు. అది ఎలర్జీ కాదు, ఘాటు. అందరికీ వచ్చేది వేరు, కొందరికే వచ్చేది వేరు.

ఇక నా కథ చెబుతాను. అందులో తప్పు నాదే.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి అప్పట్లో వరంగల్ జిల్లాలోనే ఉండేవి. 2016లో వేరు జిల్లాలైనాయి. నేను జనగామ దగ్గర బడిలో పంతులుగా ఉన్నప్పుడు, 1994లో, ఒక కుర్రవాడికి గొంతు వాచి జ్వరం వచ్చింది. తల్లి కూలికి పోయింది. నేనే వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

“ఇదివరకు ఏ మందైనా వీడికి పడలేదా?” అని డాక్టరు అడిగాడు.

“లేదండీ” అన్నాను. నాకేం తెలుసు? తెలియదు! అయినా పంతుల్ని కదా, తెలియదనడానికి నోరు రాలేదు.

డాక్టరు పెన్సిలిన్ సూది వేశాడు. కొద్ది నిమిషాల్లో కుర్రవాడి మొహం ఉబ్బిపోయింది, ఊపిరి ఆడలేదు. డాక్టరు వెంటనే ఎడ్రినలిన్ సూది వేసి వాణ్ణి బతికించాడు. నా కాళ్ళు మాత్రం చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి.

సాయంత్రం తల్లి పరుగెత్తుకొచ్చింది. “పోయినేడు భూపాలపల్లికి పనికి పోయినప్పుడు గిట్లనే అయింది సారూ! ఆ డాక్టరు చీటీ రాసిచ్చిండు. వానకు ఇల్లు కురిసి నానిపోయింది” అన్నది.

చూశారా! వాడి ప్రాణం ఒక చీటీలో ఉంది. ఆ చీటీ వానపాలైంది.

ఇప్పుడు అటువంటి చీటీని దాచడానికి కంప్యూటరు ఉన్నది. 2021లో దేశమంతటా మొదలైన ఏర్పాటు ప్రకారం, కోరినవారికి 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఇస్తారు. ఆ సంఖ్యకు జతచేసిన కాగితాలను, మనం అనుమతిస్తే, మరో ఊరి డాక్టరు కూడా చూడవచ్చు. 2019లో వచ్చిన ఇ-సంజీవని ద్వారా, పల్లెలోని ఆరోగ్య కేంద్రంలో కూర్చునే దూరాన ఉన్న డాక్టరుతో ఇంటర్నెట్టులో ముఖాముఖి మాట్లాడవచ్చు.

ఈమధ్య మా మనవరాలికి తుమ్ములూ ఆయాసమూ పట్టుకుంటే అలాగే చూపించాము. తెరమీద డాక్టరమ్మ, “ఎప్పుడెప్పుడు వస్తుందమ్మా?” అని అడిగింది. మా పిల్ల తన నోటుపుస్తకం తెరిచి చదివింది. ఏ తేదీన వచ్చింది, ఆ రోజు ఏం తిన్నది, ఎక్కడ ఆడింది, అన్నీ రాసుకున్నది. చూస్తే, పక్కలు దులిపిన రోజులే ఎక్కువ! పరుపుల దుమ్ములో కంటికి కనబడనంత చిన్న పురుగులుంటాయి. వాటివల్ల కావచ్చునని డాక్టరమ్మ అనుమానించింది.

“కాని అమ్మాయీ, తెరలోంచి నీ చర్మం మీద పరీక్ష చేయలేను కదా! ఒకసారి పట్నం రావాలి” అన్నది. ఆ పరీక్షలో ముంజేతి మీద రకరకాల ద్రవాలు బొట్లు బొట్లుగా పెట్టి, సన్నగా గుచ్చి, పావుగంటసేపు ఆగి, ఎక్కడ దద్దురు లేచిందో చూస్తారు.

చివరకు, “ఏ మందైనా పడదా?” అని అడిగింది. అందరూ నావైపు చూశారు.

“నాకు తెలియదమ్మా! వాళ్ళమ్మను అడిగి చెబుతాను” అన్నాను. ముప్పై ఏళ్ళ కిందట అనవలసిన మాట అది!

పిల్లలూ, కంప్యూటరు మరిచిపోదు, వానకు నానదు. కాని “లేదు” అంటే “లేదు” అనే రాసుకుంటుంది. అబద్ధమని దానికి తెలియదు. ఆనాడు నా “లేదు”ను దానిలో ఎక్కించి ఉంటే, అది కూడా ఆ మాటే పదిమంది డాక్టర్లకు చెప్పేది.

కనుక ఈ రాత్రే మీ అమ్మను అడగండి: “నాకు పడనిది ఏమైనా ఉందా?” చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. తెలియనిచోట “తెలియదు” అని రాయండి. అది సిగ్గుపడవలసిన మాట కానే కాదు.