ఆర్నెల్ల అల్లిక... అరగంట బేరం

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. జనరల్ బజార్‌లో మాత్రం కాలు పెట్టే సందుండదు. ఓ పక్క ఉజ్జయినీ మహంకాళి బోనాల సందడి, ఇంకో పక్క శ్రావణం ముహూర్తాలకు చీరలు, మ్యాచింగ్ జాకెట్లు, గాజుల కోసం వచ్చే జనం. ఆ గుంపులోనే అప్పుడప్పుడూ ఓ వింత గిరాకీ కనిపిస్తుంది. దారం రీలు పట్టుకుని కొట్టు బయటికొచ్చి, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, మళ్లీ లోపలికెళ్లి ఇంకోటి అడుగుతారు. చూసేవాళ్లకు చాదస్తంలా ఉంటుంది. చేత్తో లేసు అల్లించుకునే వాళ్లకైతే పెళ్లి పనుల్లో ఇది పెద్ద పనే.

ఈ సందులున్న రాంగోపాల్‌పేట్‌కు దివాన్ బహదూర్ సేఠ్ రాంగోపాల్ పేరు పెట్టారు. ఒకప్పటి జేమ్స్ స్ట్రీట్, ఇప్పటి ఎం.జి.రోడ్డు మీద గడియారంతో కనిపించే పాత పోలీస్‌స్టేషన్ భవనాన్ని కట్టించింది ఆయనే. ఆయన పేరు మీదే 1920లో హైదరాబాద్‌లో బట్టల మిల్లు వెలిసింది. డి.బి.ఆర్. మిల్స్ అంటే పాతవాళ్లకు తెలుస్తుంది. అది మూతపడి చాలా ఏళ్లయింది. దారం మాత్రం ఈ పేటను వదిలిపోలేదు.

కొట్ల ముందు మీటర్ల లెక్కన వేలాడే లేసంతా మిషన్ల మీద తయారైందే. చేతి లేసు అనగానే మనకు గుర్తొచ్చేది నరసాపురం. 1844లో దుమ్ముగూడెంలో మెక్రే దంపతులు నేర్పిన కొక్కెం అల్లిక అక్కడికి చేరి, గోదావరి పల్లెల్లో ఇంటింటి పనిగా మారింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బాబిన్ లేసు దారి వేరు. గట్టి దిండు మీద చుక్కల నమూనా కాగితం పరిచి, చిన్న చిన్న కర్ర బాబిన్లకు దారం చుట్టి, జంటలు జంటలుగా అడ్డం వేస్తూ, మెలి తిప్పుతూ, చుక్కచుక్కకూ గుండుసూది గుచ్చుతూ అల్లాలి. మన దక్షిణాదిన నాగర్‌కోయిల్ వైపు మిషనరీ మహిళలు పందొమ్మిదో శతాబ్దిలోనే ఈ విద్య నేర్పారు.

చర్చిలో పెళ్లయితే మేలిముసుగు అంచు, చేతి తొడుగులు, పెళ్లికొడుకు జేబు రుమాలు. పందిట్లో పెళ్లయితే జాకెట్టు చేతులు, ఓణీ అంచు, కాస్త సరదా ఉన్న ఇంట్లో అడ్డుతెర చుట్టూ కూడా. ఏదైనా సరే, ముందు తేలాల్సింది దారం.

కొక్కెంతో అల్లే నూలు దారానికి నంబర్లుంటాయి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. ఇరవై లావు, ఎనభై సన్నం. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. నమూనాలో చుక్కల మధ్య దూరమెంతో చూడకుండా దారం కొనేస్తే, లావుదైతే లేసు అట్టలా బిగుసుకుపోతుంది, మరీ సన్నదైతే దోమతెరలా వేలాడుతుంది. అందుకే అల్లేవాళ్లు దారాన్ని స్కేలు మీద పక్కపక్కనే చుట్టి, సెంటీమీటరుకు ఎన్ని చుట్లు పడుతున్నాయో లెక్కపెడతారు. అల్లే మనిషిని అడక్కుండా దారం కొనడమంటే, కొలతలివ్వకుండా జాకెట్టు కుట్టమన్నట్టే.

నూలులో మెర్సరైజ్డ్ రకం మంచిది. జాన్ మెర్సర్ అనే ఇంగ్లండ్ ఆయన నూలును కాస్టిక్ సోడాలో ముంచి చూసిన ప్రయోగం నుంచి పుట్టిన పద్ధతి ఇది. దారానికి మెరుపు, బలం రెండూ వస్తాయి. ఆరుపోగుల ఎంబ్రాయిడరీ లచ్చి ముద్దొస్తుంది గానీ మెలి వదులు, నూగు లేస్తుంది. మెషీన్ కుట్టుకు వాడే పాలిస్టర్‌కు సాగే గుణం ఉంది. సూదులు తీయగానే లేసు ముడుచుకుంటుంది. పట్టు అందమే వేరు, కానీ చేతిలో జారుతుంది. చెయ్యి తిరిగిన వాళ్లకే ఇవ్వాలి. జరీ అయితే తొడుగులకు వద్దు, గీరుకుంటుంది. అడ్డుతెరకు, ఓణీకి బాగుంటుంది.

పట్టని చెప్పి ఇంకేదో అంటగడతారని భయమా? చిన్న ముక్క తెచ్చి ఇంట్లో కాల్చి చూడండి. నూలు కాగితంలా కాలుతుంది, పట్టుకు వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూసలా గడ్డకడుతుంది. రంగు దారమైతే తడిపి తెల్లగుడ్డ మీద రుద్దాలి. మీటరు ముక్క కొలిచి, ఉతికి, ఆరాక మళ్లీ కొలిస్తే కుంచించుకుపోయే గుణం బయటపడుతుంది.

ఇక తెలుపు. పాల తెలుపు, మీగడ తెలుపు, నీలం మందు వేసిన తెలుపు... ట్యూబ్‌లైటు కింద అన్నీ కవలపిల్లల్లా ఉంటాయి. చీర ముక్కో, గౌను ముక్కో తీసుకెళ్లి పగటి వెలుగులో పక్కన పెట్టి చూడాల్సిందే. రీళ్లన్నీ ఒకే లాట్ నంబరువి ఉండాలి. సగంలో దారం అయిపోయి మళ్లీ కొనడానికొస్తే, అదే కంపెనీ, అదే నంబరు, రంగు మాత్రం ఓ వీసం తేడా. పెళ్లి ఫొటోల్లో ఆ వీసమే కనపడుతుంది.

ఇంత చేసి, రీలుకు ఐదు రూపాయలు తగ్గించమని అరగంట బేరం ఆడతారు. ఓ లెక్క చూడండి. సన్నటి లేసు గంటకు మూడు సెంటీమీటర్లు పడిందనుకుంటే, నాలుగు మీటర్ల ముసుగు అంచుకు నూట ముప్పై గంటలు దాటుతాయి. ఇంటి పనులయ్యాక రోజుకు గంట చొప్పున అల్లే ఇల్లాలికి నాలుగు నెలల పైమాటే. తొడుగులు, రుమాలు కూడా కలిస్తే ఆర్నెల్లు. దారం ఖర్చు అందులో ఏ మూలకు? నాసిరకం దారం మొదటి ఉతుకుకే పసుపెక్కితే పోయేది ఆ ఇల్లాలి కష్టం. ఆమె కూలి దగ్గర కూడా బేరమాడే వాళ్లున్నారు. నరసాపురం లేసు పనివాళ్ల మీద మరియా మీస్ 1982లో పుస్తకమే రాశారు. లోకమంతా అమ్ముడయ్యే సరుకు చేసే ఆడవాళ్లకు చేతికొచ్చేది ఎంత తక్కువో అందులో ఉంది.

మంచి దారం ఎన్నాళ్లుంటుందంటారా? 1840లో విక్టోరియా రాణి పెళ్లికి ఇంగ్లండ్‌లో బీర్ అనే పల్లె ఆడవాళ్లు హానిటన్ బాబిన్ లేసు నెలల తరబడి అల్లారు. 1893లో మనవడి పెళ్లికి కూడా ఆమె ఆ ముసుగే వేసుకుంది.

అందుకే లెక్క కంటే రెండు రీళ్లు ఎక్కువే తీసుకోవాలి. మిగిలింది అట్టముక్కకు చుట్టి, లాట్ నంబరు చీటీతో సహా లేసు పక్కనే బీరువాలో పెట్టేస్తే సరి. ఏ పదేళ్లకో ఓ పోగు తెగితే, అతకడానికి అదే తెలుపు దొరకాలి కదా!