పరీక్షకుడు

పరీక్ష యనగానే మన యిండ్లలో పిల్లలకు జ్వరము వచ్చును. సంస్కృతమున నీ పదమున కర్థము చుట్టును చక్కగా చూచుట యని మాత్రమే. అట్లు చూచుటనే వృత్తిగా బెట్టుకొన్న యొకనిని గూర్చి నెల క్రిందట మా సంగములో పదవతరగతి వారికి జెప్పుచుంటిని.

ఆయన రాజాచారి. తండ్రి శ్రీనివాసచారి ఇంజనీరింగు చదువునకై హైదరాబాదునుండి అమెరికా వెళ్లినవాడు. కుమారుడు 1977లో మిల్వాకీలో పుట్టి, అయోవా రాష్ట్రమున పెరిగి, 1999లో వైమానిక దళ విద్యాలయమునుండి పట్టము పొందెను. ఎం.ఐ.టి.లో పైచదువు చదివెను. ఇరాకు యుద్ధమున విమానము నడిపెను; యుద్ధమును పొగడుట నాచేత గాదు. మేరీలాండులోని నౌకాదళ పాఠశాలలో విమానములను పరీక్షించు విద్య నేర్చి, తుదకు ఎఫ్-35 విమానముల పరీక్షాబృందమునకు నాయకుడయ్యెను.

ఆ పని సాహసమని మనము భ్రమింతుము. అది యెక్కువగా వ్రాతపని. ఇంత యెత్తున, ఇంత వేగమున నేమి చేయవలెనో ముందే కాగితముపై నుండును. విమానము లెక్క ప్రకారము నడచిన నట్లని, నడువకున్న నట్లని వ్రాయవలెను. సంకోచించి దాచినచో, తరువాత నెక్కువాడు చచ్చును.

2017లో నాసావారు పదునెనిమిది వేలకు మించిన దరఖాస్తులనుండి పన్నెండుగురిని ఏరిరి, అందాయన యొకడు. 2021 నవంబరులో క్రూ-3 నౌకకు నాయకుడై వెళ్లి, 177 దినములకు తిరిగి వచ్చెను. అంతకుమున్నెన్నడు అంతరిక్షమునకు పోని వానికి నాసావా రట్టి నాయకత్వ మిచ్చుట 1973 తరువాత నదియే మొదలు. 2022 మార్చి 23న ఆయనయు మౌరరును నౌక వెలుపల పనిచేసి లోనికి వచ్చినపుడు, మౌరరు శిరస్త్రాణములో నీరు కనబడెను. పని సక్రమముగానే ముగిసినది గదా యని యూరకుండలేదు. కారణము తేలువరకు అట్టి పనులను నిలిపివేసిరి.

పత్రికలు మనవాడని మురిసినవి. మనిషిని మనవాడనుటకు లేని సంకోచము, ఆయన యలవాటును మనదిగా జేసికొనుటకు మనకేల?

ఇంతవరకు జెప్పగానే వెనుక బల్లనుండి యొక బాలుడు లేచి, "సార్, మరి నా అంకె కొట్టించితిరి గదా?" యనెను.

నిజమే. సైన్సు మాస్టారు సెలవులో నున్న దినమున నేను వారి తరగతికి పోతిని. కటకపు నాభ్యంతరము కొలువగా వీనికి 13 సెంటీమీటర్లు వచ్చినది. పెట్టెమీద 15 అని యున్నది. తక్కినవారందరు 15 అనియే వ్రాసిరి. "అందరికి వచ్చినదే వ్రాయుము" అంటిని. నాకు సంస్కృతము, ఇంగ్లీషు వచ్చును. కటకము సంగతి తెలియదు. తెలియదని పిల్లల యెదుట చెప్పుటకు సిగ్గుపడితిని.

ఆ సాయంత్రము కటకమును వసారాలోనికి దెచ్చి, దూరపు వేపచెట్టు బొమ్మను తెల్లకాగితముపై నిలిపితిమి. వాడు స్కేలు పట్టెను, నేను చదివితిని. మూడుమారులును 13. పెట్టెలో వేరొక కటకము పడియుండును.

వాని రికార్డు పుస్తకములో కొట్టివేసిన అంకె యింకను కనబడుచునే యున్నది. దాని ప్రక్కను "ఇదియే సరి" యని వ్రాసి, తేదీ వేసి, సంతకము చేసితిని.