కౌలు కార్డు మీద ఒక ఆనర్స్ వ్యాసం

డిగ్రీ ఆనర్స్ నాలుగో ఏట ప్రభుత్వ విధానం మీద పరిశోధన వ్యాసం రాయాల్సిన విద్యార్థికి కృష్ణా డెల్టాలో ఏం దొరుకుతుందో చూద్దామని తెనాలి, బాపట్ల, రేపల్లె వెళ్లాను. యూజీసీ 2022 డిసెంబరులో విడుదల చేసిన నిబంధనల ప్రకారం, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు పరిశోధనతో కూడిన ఆనర్స్ చేయవచ్చు. వ్యాసానికి 12 క్రెడిట్లు. అయితే మొదలుపెట్టిన వ్యాసం ముగింపు దాకా వెళ్తుందా లేదా అన్నది ఎంచుకున్న ప్రశ్నను బట్టే ఉంటుంది. రాష్ట్ర వ్యవసాయ విధానమంతా తలకెత్తుకుంటే పాత నివేదికలు తిరగేయడంతోనే ఏడాది గడిచిపోతుంది. ప్రభుత్వం కౌలు రైతుకు ఇచ్చే కార్డు ఒక ఊళ్లో ఎవరికి అందింది, ఎవరికి అందలేదు అని అడిగితే వ్యాసం పూర్తవుతుంది, ఇంతవరకూ ఎవరూ రాయని సంగతీ బయటికొస్తుంది.

ఇలా అడగడం ఈ నేలకు కొత్త కాదు. 1915లో మద్రాసు విశ్వవిద్యాలయానికి అర్థశాస్త్ర ఆచార్యుడిగా వచ్చిన గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థులకు ప్రశ్నావళి ఇచ్చి సెలవుల్లో సొంత ఊళ్లను పరిశీలించి రమ్మన్నారు. 1918లో వచ్చిన దక్షిణ భారత గ్రామాల పుస్తకం అలా తయారైంది. తెనాలి నుంచి బాపట్ల వెళ్లే రైలు దారిలో ఉన్న నిడుబ్రోలు రైతు నాయకుడు ఎన్.జి. రంగా పుట్టిన ఊరు. డెల్టా గ్రామాల ఆర్థిక వ్యవస్థ మీద ఆయన పుస్తకం 1926లో వెలువడింది. తెనాలికి దగ్గర్లోని కొల్లూరు మండలం అనంతవరంలో కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య 1974లో సర్వే చేశారు. 2005-06లో మరో పరిశోధక బృందం అదే ఊరికి వెళ్లి ఇంటింటి లెక్క తీసింది. ముప్పై ఏళ్ల తేడాతో భూమి ఎవరి చేతుల్లో ఉందో పోల్చి చూసే వీలు ఆ ఒక్క ఊరి వల్ల కలిగింది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు కొల్లూరు, రేపల్లె బాపట్ల జిల్లాలో చేరాయి, తెనాలి గుంటూరులో మిగిలింది. జిల్లా అంకెలను అంతకుముందు వాటితో నేరుగా పోల్చడం ఇక కుదరదు. ఊరి అంకెలకు ఆ చిక్కు లేదు.

కౌలు కార్డునే ఎంచుకోవడానికి కారణం చట్టంలోనే ఉంది. కౌలుదారుల కోసం వచ్చిన 2011 చట్టం కింద రుణ అర్హత కార్డుకు భూయజమాని సంతకం తప్పనిసరిగా ఉండేది కాదు. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాక యజమాని ఒప్పుకుంటేనే పదకొండు నెలల కార్డు వస్తుంది. డెల్టాలో కౌలు ఎక్కువగా నోటిమాట మీదే నడుస్తుంది. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని యజమాని భయపడతాడు. గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను వేరొకరికి పోతుందని కౌలుదారు ఊరుకుంటాడు. కార్డు లేకపోతే బ్యాంకు పంట రుణం అందడం కష్టం. ఇందులో విద్యార్థి తేల్చవలసినవి మూడు అంకెలు: ఊళ్లో కౌలుకు సాగుచేసే కుటుంబాలెన్ని, వాటిలో కార్డు ఉన్నవెన్ని, కార్డు చూపించి అప్పు తెచ్చుకున్నవెన్ని. మొదటిది ఇంటింటికీ తిరిగితేనే తెలుస్తుంది. మిగతా రెండిటిని వ్యవసాయ శాఖ, బ్యాంకు, సహకార సంఘం లెక్కలతో సరిచూడాలి.

ఒక ఊరి అంకెలతో రాష్ట్ర విధానాన్ని తప్పుపట్టగలమా అనే అభ్యంతరం న్యాయమైనదే. రాష్ట్రమంతా ఇలాగే ఉందని ఆ వ్యాసం చెప్పలేదు, చెప్పకూడదు కూడా. చట్టం ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో మాత్రం చూపగలదు. కాలువ పైభాగాన తెనాలి వైపు ఒక ఊరు, నీరు ఆలస్యంగా చేరే రేపల్లె శివారులో మరో ఊరు తీసుకుంటే ఆ మాటకు బలం పెరుగుతుంది. కౌలుదారులు నిజం చెప్పరన్నది ఇంతకంటే గట్టి ఆక్షేపణ. ఒక్కపూట ఫారం పట్టుకుని వచ్చినవారికి చెప్పరు, నిజమే. ఊళ్లో కొన్నాళ్లు ఉన్నవారికి చెబుతారు. బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ ఆనర్స్ విద్యార్థులు చివరి ఏట గ్రామీణ అనుభవ కార్యక్రమం కింద రైతుల మధ్యే గడుపుతారు. అర్థశాస్త్రం, రాజనీతి చదివే పిల్లలకూ ఆ అవకాశం ఉండాలని నా గట్టి కోరిక. మొదటి ఏడాది తర్వాత వాళ్లు చేసే 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు ఉండనే ఉంది. అందులో నింపే సర్వే ఫారాలు మార్కులు పడ్డాక మూలన పడకుండా, నాలుగో ఏడాది వ్యాసానికి తొలి విడత సమాచారం కావాలి. అప్పుడు రెండు మూడేళ్ల తేడాతో అదే గడప రెండోసారి తొక్కడం అవుతుంది. అప్పటికి విద్యార్థి ముఖం ఊరికి తెలిసి ఉంటుంది, తెచ్చిన ప్రశ్న కూడా పదునెక్కి ఉంటుంది.